టంకశాలలో న్యూటన్

ఐజాక్ న్యూటన్ పేరు వినగానే విద్యార్థులకు ముందుగా స్ఫురించేది చెట్టు నుంచి రాలిన ఆపిల్ పండు. ఆ తరువాత గురుత్వాకర్షణ సిద్ధాంతం, గమన నియమాలు, తెల్లని కాంతిని ఏడు రంగులుగా విడదీసిన గాజు పట్టకం గుర్తుకు వస్తాయి. అయితే ఆ మహామేధావి తన జీవితంలోని చివరి ముప్పైయొక్క సంవత్సరాలను ఇంగ్లండు ప్రభుత్వ టంకశాలలో గడిపాడన్న సంగతి చాలామందికి తెలియదు. గ్రహాల గమనాన్ని లెక్కగట్టిన ఆ చేతులే వెండి నాణేల బరువును కూడా లెక్కగట్టాయి. సత్యాన్ని అన్వేషించడంలో ఆయన చూపిన పట్టుదల, ప్రజల చేతుల్లో తిరిగే నాణెం సత్యంగా ఉండేటట్లు చూడడంలోనూ కనిపిస్తుంది. ఆ పట్టుదలలోని గొప్పతనంతోపాటు కాఠిన్యం కూడా ఆ ఉద్యోగ జీవితంలోనే బయటపడింది.

న్యూటన్ ఇంగ్లండులోని లింకన్‌షైర్ ప్రాంతంలో ఉల్స్‌థార్ప్ అనే పల్లెలో, ఆనాడు ఆ దేశంలో అమలులో ఉన్న పాత పంచాంగం ప్రకారం 1642వ సంవత్సరం డిసెంబరు 25వ తేదీన జన్మించాడు. ఆయన పుట్టడానికి సుమారు మూడు నెలల ముందే తండ్రి మరణించాడు. బిడ్డకు మూడేళ్ళ వయసులో తల్లి హన్నా మరొకరిని వివాహమాడి, కుమారుణ్ణి అమ్మమ్మ వద్ద విడిచి వెళ్ళింది. తల్లిదండ్రుల ఆప్యాయతకు దూరంగా పెరిగిన ఆ బాలుడు ఒంటరితనానికి అలవాటుపడ్డాడు. గ్రాంథమ్ పట్టణంలో పాఠశాల చదువు ముగించి, 1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు. 1665లో ప్లేగు వ్యాధి వ్యాపించి విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు స్వగ్రామానికి తిరిగివచ్చి, ఆ ఏకాంతవాసాన్నే తపస్సుగా మార్చుకున్నాడు. గణితంలో, కాంతిశాస్త్రంలో, ఆకర్షణ సిద్ధాంతంలో ఆయన చేసిన మహాకృషికి బీజాలు ఆనాడే పడ్డాయి. 1669లో, ఇరవయ్యేడేళ్ళైనా నిండకముందే, గణితాచార్య పదవి ఆయనను వరించింది. 1687లో ప్రిన్సిపియా గ్రంథం వెలువడడంతో ఆయన కీర్తి ఐరోపా అంతటా వ్యాపించింది.

కీర్తి వచ్చినంతమాత్రాన మనశ్శాంతి రాలేదు. 1693లో న్యూటన్ తీవ్రమైన మానసిక అస్వస్థతకు లోనయ్యాడు. నిద్ర కరవైంది. ఆప్తమిత్రులపై అకారణంగా అనుమానం పెంచుకున్నాడు. క్రమంగా కోలుకున్నా, కేంబ్రిడ్జి జీవితంపై ఆయనకు మునుపటి ఆసక్తి మిగలలేదు. అటువంటి సమయంలో పూర్వమిత్రుడు, ఆనాటి ఆర్థికమంత్రి అయిన చార్లెస్ మాంటేగ్ 1696 మార్చి నెలలో ఒక శుభవార్త పంపాడు. లండన్ టవర్ కోటలో ఉన్న రాజ టంకశాలకు వార్డెన్ పదవిలో న్యూటన్‌ను నియమించినట్లు అందులోని సమాచారం. అంతకుముందు ఆ పదవిలో ఉన్నవారు దానిని పేరుకు మాత్రమే నిర్వహించి, జీతం పుచ్చుకొని ఊరుకునేవారు. యాభైమూడేళ్ళ ఆచార్యుడు కూడా అలాగే విశ్రాంతిగా కాలం గడపవచ్చునని అందరూ భావించారు. కాని ఆయన స్వభావం అందుకు అంగీకరించలేదు.

ఆనాటికి ఇంగ్లండు నాణేల పరిస్థితి శోచనీయంగా ఉంది. 1662 వరకు నాణేలను చేతితోనే తయారుచేసేవారు. వెండి బిళ్ళను రెండు అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టేవారు. అందువల్ల ఏ నాణెమూ పూర్తి గుండ్రంగా ఉండేది కాదు, అంచులు సమంగా ఉండేవి కావు. మోసగాళ్ళకు ఇది వరంగా మారింది. నాణెం అంచును కొద్దికొద్దిగా కత్తిరించి, ఆ వెండి తునకలను కరిగించి అమ్ముకునేవారు. 1662 తరువాత యంత్రాలపై చేసిన కొత్త నాణేలు వచ్చాయి. పెద్ద నాణేల అంచులపై అక్షరాలు, చిన్న నాణేల అంచులపై గీతలు ఉండేవి కాబట్టి వాటిని కత్తిరిస్తే వెంటనే తెలిసిపోయేది. అయినా పాత సుత్తి నాణేలను ప్రభుత్వం రద్దు చేయలేదు. మంచి నాణేన్ని దాచుకొని, చెడ్డ నాణేన్ని చెలామణీ చేయడం మానవ సహజం. ఆ విధంగా యంత్రపు నాణేలు పెట్టెలలోకి, కొలిమిలోకి, విదేశాలకు తరలిపోగా, అరిగి తరిగిన సుత్తి నాణేలు మాత్రమే సంతలో మిగిలాయి. 1695 నాటికి అనేక నాణేలు తమ బరువులో దాదాపు సగం కోల్పోయాయి.

పాత నాణేలన్నింటినీ కరిగించి కొత్తవి ముద్రించాలని పార్లమెంటు నిశ్చయించింది. దానివల్ల కలిగే నష్టాన్ని పూడ్చడానికి 1696లో ఇళ్ళ కిటికీల సంఖ్యను బట్టి పన్ను విధించారు. కత్తిరించిన నాణేలను పన్నుల కింద స్వీకరించే గడువు ఆ సంవత్సరం మే 4వ తేదీతో ముగిసింది. పన్నులు చెల్లించే ధనవంతులు తమ వద్ద ఉన్న తరుగు నాణేలను పూర్తి విలువకు ప్రభుత్వానికి అప్పగించి తప్పించుకున్నారు. కూలి డబ్బులు తప్ప మరేమీ లేని పేదవాడికి ఆ మార్గం లేదు. పాత నాణెం చెల్లదు, కొత్త నాణెం చేతికి రాదు. ఆ వేసవిలో చిల్లర దొరకక చిన్న వ్యాపారులు, శ్రామికులు ఎన్నో అవస్థలు పడ్డారు. కొత్త నాణేలు ఒక్కరోజు ఆలస్యమైనా ఎందరి ఇళ్ళలోనో పొయ్యి వెలగని రోజులవి. సరిగ్గా ఆ సంక్షోభ సమయంలోనే న్యూటన్ టంకశాలలో అడుగుపెట్టాడు.

మే 2వ తేదీన ఆయన పదవీ ప్రమాణం చేశాడు. నాణేల అంచులపై అక్షరాలు వేసే యంత్ర రహస్యాన్ని ఎవరికీ వెల్లడించనని చేసిన ప్రమాణం అది. టవర్ కోట గోడల నడుమ ఇరుకైన సందులో కొలిములు రాత్రింబవళ్ళు మండుతుండేవి. గుర్రాలు తిప్పే యంత్రాలు వెండి కడ్డీలను రేకులుగా సాగదీసేవి. ఆ రేకుల నుంచి బిళ్ళలు కత్తిరించి, బరువు సరిచూసి, మర యంత్రం కింద ఉంచేవారు. బలిష్ఠులైన కూలీలు ఆ యంత్రపు పెద్ద చేతికర్రను లాగి తిప్పగానే పై అచ్చు బిళ్ళపై బలంగా పడేది. వేరొక కార్మికుడు యంత్రం ఎదుట కూర్చొని, నాణేన్ని తొలగించి కొత్త బిళ్ళను పెట్టేవాడు. క్షణం ఏమరినా వేలు నలిగిపోయే పని అది. న్యూటన్ ఈ పనులన్నింటినీ దగ్గర నిలబడి పరిశీలించాడు. ఒక యంత్రం నిమిషానికి యాభై నుంచి యాభైయైదు దెబ్బలు వేయగలదని లెక్కించి, ఆ వేగానికి తగినట్లు మిగిలిన పనులన్నీ సాగేటట్లు ఏర్పాటు చేశాడు. కొద్ది నెలలలోనే వారానికి దాదాపు లక్ష పౌన్ల విలువగల నాణేలు ముద్రణ పొందాయి.

లండను ఒక్కటే దేశానికంతా చాలదని బ్రిస్టల్, చెస్టర్, ఎక్సెటర్, నార్విచ్, యార్క్ పట్టణాలలో తాత్కాలిక టంకశాలలు నెలకొల్పారు. రాజు ముఖచిత్రం కింద ఆయా పట్టణాల పేర్లలోని మొదటి అక్షరాన్ని ముద్రించారు. చెస్టర్ టంకశాలలో ఒక ముఖ్యోద్యోగానికి తన మిత్రుడు, ప్రసిద్ధ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీని న్యూటన్ నియమింపజేశాడు. 1699 నాటికి ఈ మహాకార్యం పూర్తయింది. సుమారు 70 లక్షల పౌన్ల విలువగల వెండి కొత్త రూపు ధరించింది.

ఇక్కడ ఆనాటి అచ్చు తయారీని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం. రాజు ముఖచిత్రాన్ని శిల్పి ముందుగా ఉక్కు దిమ్మపై ఉబ్బెత్తుగా చెక్కేవాడు. దానిని మెత్తని ఉక్కుపై బలంగా అదిమితే ఆ రూపం గుంటగా పడేది. అదే అచ్చు. ముఖచిత్రం చుట్టూ ఉండే అక్షరాలను, వెనుక వైపున ఉండే సంవత్సరపు అంకెలను మాత్రం ఒక్కొక్కటిగా చేతితోనే కొట్టేవారు. ఇందుకు చిన్న ఉక్కు కడ్డీలు ఉండేవి. ఒక్కొక్క కడ్డీ కొనపై ఒక్కొక్క అంకె లేదా అక్షరం చెక్కి ఉండేది. పనివాడు కడ్డీని అచ్చుపై నిలిపి, చిన్న సుత్తితో కొట్టేవాడు. అంకెలన్నీ కుదిరాక అచ్చును ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిపరిచేవారు. ఆ సమయంలో కొన్ని అచ్చులు పగిలిపోయేవి. మరికొన్ని యంత్రం కింద నలిగి బీటలు వారేవి. అచ్చు చేయడం ఎంతో శ్రమతోనూ, ఖర్చుతోనూ కూడిన పని.

మనిషి చేసే పనిలో పొరపాటు సహజం. కడ్డీ కొంచెం జారినా, దెబ్బ తేలికగా పడినా, పనివాడు అదే అంకెను రెండవసారి కొట్టేవాడు. రెండు దెబ్బలు సరిగ్గా ఒకేచోట పడకపోతే అంకె అంచు జంటగా కనిపిస్తుంది. నాణేల పరిశీలకులు దీనిని రీపంచ్డ్ డేట్ అని వ్యవహరిస్తారు. ఇది పొరపాటును సరిదిద్దిన గుర్తు. దీనికి భిన్నమైనది మరొకటి ఉంది. సంవత్సరం ముగిసే నాటికి కొన్ని అచ్చులు అరగకుండా మిగిలిపోయేవి. మంచి ఉక్కును పారవేయడం ఎందుకని, ఆ అచ్చును తిరిగి కాల్చి, నెమ్మదిగా చల్లార్చి మెత్తబరిచి, పాత అంకెపైనే కొత్త అంకెను కొట్టి, మళ్ళీ గట్టిపరిచి వాడేవారు. కొత్త అంకె కింద పాత అంకె పూర్తిగా చెరిగిపోయేది కాదు. అచ్చులో గుంటగా మిగిలిన ఆ పాత గీత నాణెంపై సన్నని ఉబ్బెత్తు గీతగా వచ్చేది. ఈ విధంగా ఒక సంవత్సరంపై మరొక సంవత్సరం కనిపించే నాణేన్ని ఓవర్‌డేట్ అంటారు. ఇది పొరపాటు కాదు, పొదుపు.

1699 డిసెంబరులో టంకశాల అధిపతి థామస్ నీల్ మరణించగా, మాస్టర్ పదవి న్యూటన్‌కు లభించింది. నాణేల తయారీ బాధ్యత అంతా అప్పటి నుంచి ఆయనదే. 1701లో కేంబ్రిడ్జి ఆచార్య పదవిని వదులుకున్నాడు. 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. 1705లో ఆన్ రాణి ఆయనకు సర్ బిరుదు ప్రదానం చేసింది. ఇన్ని గౌరవాల నడుమ కూడా టంకశాల పనిని ఆయన నిర్లక్ష్యం చేయలేదు. 1707లో ఇంగ్లండు, స్కాట్లండు రాజ్యాలు ఏకమైనప్పుడు స్కాట్లండు నాణేలను కరిగించి ఎడిన్‌బరోలో కొత్తవి ముద్రించే కార్యక్రమాన్ని పర్యవేక్షించాడు. ఆ నాణేలపై రాణి ముఖచిత్రం కింద ఆ నగర నామంలోని తొలి అక్షరం కనిపిస్తుంది.

అయితే న్యూటన్ ఉద్యోగ జీవితంలో అత్యంత క్లిష్టమైన ఘట్టం అంతకుముందే, ఆయన వార్డెన్‌గా ఉన్న కాలంలో జరిగింది. దొంగనాణేలు చేసేవారిని పట్టుకొని న్యాయస్థానంలో నేరం రుజువు చేయించడం వార్డెన్ విధి. ఆనాటి చట్టంలో దొంగనాణెం చేయడం రాజద్రోహం. దానికి శిక్ష మరణం. గ్రంథాల మధ్య జీవించిన న్యూటన్‌కు ఈ బాధ్యత మొదట ఏమాత్రం రుచించలేదు. తనను దాని నుంచి తప్పించవలసిందిగా ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. అప్పుడాయన ఆ పనిని కూడా ఒక శాస్త్ర సమస్యవలెనే స్వీకరించాడు. ఊహపై ఆధారపడకుండా సాక్ష్యంపై సాక్ష్యం కూర్చుకుంటూ, చెరసాలలలోనూ పానశాలలలోనూ సమాచారం సేకరింపజేశాడు. వందకు పైగా సాక్షులను, అనుమానితులను స్వయంగా ప్రశ్నించాడు.

ఆయనకు ఎదురైన ప్రత్యర్థులలో విలియం చాలొనర్ అతిసమర్థుడు. పల్లెలో పేదకుటుంబంలో పుట్టి, మేకులు తయారుచేసే పని నేర్చుకొని, లండను చేరి, దొంగనాణేల తయారీలో ఆరితేరినవాడు. చక్కని దుస్తులు ధరించి పెద్దమనిషిగా చెలామణీ అయ్యేవాడు. అతని సాహసం ఎంతటిదంటే, టంకశాలలో అవినీతి, అసమర్థత పేరుకుపోయాయని, దొంగనాణేలను అరికట్టే ఉపాయాలు తనకు తెలుసునని పార్లమెంటు సంఘం ఎదుటనే వాదించాడు. టంకశాలలో తన పద్ధతిని ప్రదర్శించే అవకాశం కోరాడు. దొంగకు తాళంచెవి అప్పగించడానికి న్యూటన్ సమ్మతించలేదు. రెండేళ్ళపాటు ఓర్పుగా సాక్ష్యాలు పోగుచేశాడు. చాలొనర్ సహచరులను, వారి భార్యలను, జైలులోని తోటి ఖైదీలను ప్రశ్నించి, ఏళ్ళ తరబడి సాగిన నేరాలను ఒక్కొక్కటిగా గుదిగుచ్చాడు. 1699 మార్చి నెలలో విచారణ జరిగి మరణశిక్ష ఖాయమైంది. ప్రాణభిక్ష పెట్టమని చాలొనర్ న్యూటన్‌కు దీనంగా లేఖ రాసుకున్నాడు. న్యూటన్ నుంచి ఏ సమాధానమూ రాలేదు. అదే నెలలో టైబర్న్ వద్ద అతనిని ఉరితీశారు.

న్యూటన్ మౌనం న్యాయమా, కాఠిన్యమా అన్న ప్రశ్న ఈనాటికీ ఆలోచింపజేస్తుంది. దొంగనాణెం వల్ల నష్టపోయేది రాజు కాదు. సంతలో కూరగాయలు అమ్ముకునే ముదుసలి, వారమంతా కష్టించి కూలి పుచ్చుకున్న శ్రామికుడు నష్టపోతారు. ఆ దృష్టితో చూస్తే ఆయన పట్టుదల సమర్థనీయమే. కాని ఒక నాణేనికి ఒక ప్రాణం సమానమని భావించిన ఆ చట్టం కఠినమైనది. ఆ చట్టాన్ని తాను చేయలేదు కాబట్టి, దాన్ని అమలుచేయడంలో తనకు సంశయం అవసరం లేదని ఆయన తలచినట్లు కనిపిస్తుంది. బాల్యంలో ఆప్యాయతకు దూరమైన ఆ హృదయం, కర్తవ్యంలో తడబాటు ఎరుగదు కాని, కరుణకు సులభంగా ద్రవించేది కాదు.

ఇతరులను పరీక్షించిన న్యూటన్ తాను కూడా పరీక్షకు నిలవవలసి వచ్చింది. టంకశాల నాణేలలో కొన్నింటిని ఒక పెట్టెలో భద్రపరిచి, స్వర్ణకార సంఘానికి చెందిన నిపుణుల చేత వాటి బరువును, లోహ శుద్ధిని పరీక్షింపజేయడం ఇంగ్లండులో ప్రాచీనాచారం. వెండి నాణెంలో వెయ్యి పాళ్ళకు 925 పాళ్ళు శుద్ధమైన వెండి ఉండాలి. ఒక ట్రాయ్ పౌను స్టెర్లింగ్ వెండి నుంచి 62 షిల్లింగులు రావాలి. 1710లో జరిగిన పరీక్షలో వెండి నాణేలకు కాక, బంగారు నాణేలకు లోపం చెప్పారు. న్యూటన్ ఆ తీర్పును తలవంచి అంగీకరించలేదు. తన బంగారంలో కాక, పోలికకు ఉపయోగించిన 1707 నాటి ప్రమాణ ఫలకంలోనే దోషం ఉందని, అది ఉండవలసినదానికన్నా మిక్కిలి శుద్ధమైనదని వాదించాడు. ఆ తరువాత ఆ ఫలకాన్ని పక్కనపెట్టి, 1688 నాటి పాత ఫలకాన్నే ప్రమాణంగా స్వీకరించారు. కొలిచే వస్తువునే కాక కొలబద్దను కూడా పరీక్షించాలన్నది ఆయన నేర్పిన పాఠం.

పద్ధెనిమిదో శతాబ్దం ప్రారంభంలో మరొక సమస్య తలెత్తింది. ఇంగ్లండులో బంగారానికి ఎక్కువ వెల, వెండికి తక్కువ వెల కట్టడం వల్ల వెండి దేశం విడిచి పోసాగింది. ఈస్టిండియా కంపెనీ నౌకలు వెండిని తూర్పుదేశాలకు తరలించేవి. 1611 నుంచి ఆంగ్లేయుల వర్తక స్థావరం ఉన్న మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరంలో నేసిన వస్త్రాలకు కంపెనీ వెండితోనే మూల్యం చెల్లించవలసి వచ్చేది. 1717లో న్యూటన్ ఈ పరిస్థితిని విశ్లేషిస్తూ నివేదిక సమర్పించాడు. ఐరోపా దేశాలలో, భారతదేశంలో, చైనాలో బంగారం, వెండి విలువల నిష్పత్తులను పోల్చి చూపాడు. ఫలితంగా గినీ బంగారు నాణెం విలువను 21 షిల్లింగులుగా నిర్ణయించారు. అయినా వెండి వెల తక్కువగానే ఉండిపోయింది. టంకశాలకు వచ్చే వెండి తగ్గిపోయింది. ఇంగ్లండు ఎవరూ ప్రకటించకుండానే బంగారు ప్రమాణం వైపు మళ్ళింది. 1816లో ఆ ప్రమాణానికి చట్టబద్ధత కలిగింది.

ఈ చరిత్రకు సాక్ష్యం ఆనాటి వెండి నాణేలపైనే ఉంది. మొదటి జార్జి రాజు పాలనలో పెద్ద వెండి నాణెమైన క్రౌనును 1716, 1718, 1720, 1723, 1726 సంవత్సరాలతో మాత్రమే ముద్రించారు. వాటిలో 1718 నాటి నాణెంపై 8 అంకె కింద 6 అంకె జాడ కనిపించేవి ఉన్నాయి. 1720 నాటి క్రౌనులలో కొన్నింటిపై 20 అంకెల కింద 18 అంకెల ఆనవాళ్ళు ఉన్నాయి. అదే సంవత్సరపు అరక్రౌనులలో 17పై 20 కొట్టినవి ఉన్నాయి. అంతకుముందు ఆన్ రాణి కాలంలో 1708 క్రౌనుపై 7 మీద 8 కొట్టిన అచ్చు కూడా వాడుకలో ఉండేది. వెండి తక్కువగా వస్తే అచ్చు తక్కువగా అరుగుతుంది. అరగని అచ్చును పారవేయక, సంవత్సరం మార్చి వాడుకోవడం సహజం. న్యూటన్ నివేదికలో అంకెలుగా ఉన్న వెండి కొరత, నాణెంపై ఒక అంకె నీడలో మరొక అంకెగా మిగిలింది.

ఇటువంటి నాణేన్ని గుర్తించడానికి నిశితమైన చూపు, తొందరపడని బుద్ధి కావాలి. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం పట్టుకొని, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేటట్లు నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడాలి. అంకె అంచున కనిపించే అదనపు గీత ఆ అంకె ఆకృతికే చెందితే అది రెండుసార్లు కొట్టిన అంకె. వేరొక అంకె ఆకృతికి సరిపోతే అది ఓవర్‌డేట్. ఉదాహరణకు 0 అంకె లోపల ఏటవాలు గీత కనిపిస్తే అది 7 అంకె కాలు కావచ్చు. సున్నాలో అటువంటి గీతకు స్థానం లేదు. అంకెలతోపాటు అక్షరాలు, ముఖచిత్రం కూడా జంటగా కనిపిస్తే, అది అచ్చులోని మార్పు కాదు, యంత్రం కింద బిళ్ళ కదలడం వల్ల కలిగిన దోషం. అచ్చు బీటలు వారినప్పుడు కూడా నాణెంపై ఉబ్బెత్తు గీత వస్తుంది. కాని ఆ గీత అంకె ఆకారాన్ని అనుసరించదు, తన దారిన తాను పోతుంది. ఆశపరులు సూదిమొనతో చెక్కి పాత సంవత్సరాన్ని మార్చిన సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు చుట్టూ గీకిన గుర్తులు మిగులుతాయి. అచ్చులో జరిగిన మార్పు ఆ అచ్చుతో ముద్రించిన ప్రతి నాణెంపైనా అదేచోట, అదే ఆకారంలో కనిపించాలి. కాబట్టి ఒక నాణేన్ని మరొక నాణెంతో పోల్చి చూడకుండా నిర్ణయానికి రాకూడదు. సాక్ష్యాన్ని సాక్ష్యంతో సరిచూడడమనే ఈ విధానం న్యూటన్ అనుసరించిన మార్గమే.

నాణేలపై ఆయన కాలపు చరిత్ర మరికొన్ని గుర్తులు కూడా వదిలింది. 1702లో స్పెయిన్ తీరంలోని విగో రేవు వద్ద స్వాధీనం చేసుకున్న వెండితో చేసిన నాణేలపై ఆన్ రాణి ముఖచిత్రం కింద ఆ రేవు పేరును ముద్రించారు. 1723 నాటి నాణేలలో కొన్నింటిపై సౌత్ సీ కంపెనీ పేరులోని మూడు పొడి అక్షరాలు ఉంటాయి. ఆ కంపెనీ వాటాల ధర 1720లో ఆకాశాన్నంటి, ఒక్కసారిగా కూలిపోయినప్పుడు వేలాది కుటుంబాలు నష్టపోయాయి. న్యూటన్ కూడా ఆ వాటాలలో పెద్ద మొత్తం పోగొట్టుకున్నాడు. తన ధనాన్ని హరించిన కంపెనీ పేరును మూడేళ్ళ తరువాత తన పర్యవేక్షణలోనే నాణేలపై ముద్రించవలసి రావడం విధివిలాసం. గ్రహగతులు తెలిసినవాడికి కూడా మానవుల ఆశ ఏ దిక్కుకు పరుగుతీస్తుందో అంతుపట్టలేదు.

వృద్ధాప్యంలో ఆరోగ్యం క్షీణించినా న్యూటన్ పదవిని విడువలేదు. చివరి సంవత్సరాలలో మేనగోడలి భర్త జాన్ కాండ్విట్ ఆయనకు పనిలో సహాయపడ్డాడు. ఇంగ్లండు పాత పంచాంగం ప్రకారం 1727 మార్చి 20వ తేదీన, ఎనభైనాలుగేళ్ళ వయసులో, లండను సమీపంలోని కెన్సింగ్టన్‌లో న్యూటన్ కన్నుమూశాడు. రాజులు, రాజనీతిజ్ఞులు శాశ్వత నిద్రలో ఉన్న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు. ఆయన తరువాత టంకశాల మాస్టర్ పదవిని కాండ్విట్ చేపట్టాడు. సమాధిపై చెక్కిన శిల్పంలో దూరదర్శిని, పట్టకం పట్టుకున్న బాలురతోపాటు టంకశాల పనిని సూచించే బొమ్మలకు కూడా స్థానం కల్పించారు.

ఆకాశంలోని నియమాలను కనుగొన్నవాడిగా న్యూటన్ కీర్తి చిరస్థాయిగా నిలుస్తుంది. అయితే మనిషికి మనిషిపై ఉండవలసిన నమ్మకాన్ని ఒక చిన్న వెండి బిళ్ళలో నిలబెట్టడానికి ఆయన పడిన శ్రమ కూడా తక్కువైనది కాదు. నాణెంపై ఉన్న ముద్ర ఒక ప్రమాణం. ఇందులో చెప్పినంత వెండి ఉందని, చెప్పిన బరువు ఉందని రాజ్యం ప్రజలకు ఇచ్చిన మాట అది. ఆ మాట తప్పకుండా చూడడానికి ఆయన నిద్రాహారాలు లెక్కచేయలేదు. ఆ దీక్షలో దయ కొంత వెనుకబడిందన్న నిజాన్ని కూడా విస్మరించరాదు. పాత అంకెపై కొత్త అంకె కొట్టినా పాతది పూర్తిగా చెరగనట్లే, మహనీయుల జీవితాలలో కీర్తి కింద వారి లోపాల జాడ కూడా మిగిలే ఉంటుంది. రెండింటినీ వెలుతురులో పెట్టి చూసినప్పుడే వారి నిజస్వరూపం మనకు బోధపడుతుంది.